ఇంజిను నాలుగో కాలు

పామర్రు సెంటర్లో గుడివాడ బస్సు దిగి, అవనిగడ్డ బస్సు కోసం చూస్తూ నిలబడ్డ రావమ్మకి టీ కొట్టు ముందు ఒక వీపు కనబడింది. చెమటకి చొక్కా అతుక్కుపోయిన వెడల్పాటి వీపు. మొహాలు మర్చిపోవచ్చు గానీ, మనల్ని వద్దనుకుని తిరిగిన వీపుని మర్చిపోవడం కష్టం. గిలకలదిండి సత్తిబాబు వీపు అది. ఆగివున్న లారీ చాటుకి తప్పుకుందామనుకుని సంచి భుజం మార్చుకుంది. లోపల ఇనుము ఖణేల్మంది. సత్తిబాబు తిరిగి చూశాడు.

"రావమ్మక్కా!"

ఆ పిలుపులో ఉన్న సంతోషమే ఆమెకి అనుమానం పుట్టించింది. ఏళ్ళ తరబడి ఫోను కూడా చెయ్యని మనిషి, నడిరోడ్డు మీద పెళ్ళిపందిట్లో మేనమామ కనబడ్డట్టు మొహం పెడితే అనుమానం రాదూ మరి?

"ఇంత పొద్దున్నే ఎటునుంచి?" అంది.

"ఉయ్యూరు నుంచక్కా. అక్కడ షుగర్ ఫ్యాక్టరీ వీధిలో టర్నర్ ఒకాయన ఉన్నాడంటే వెళ్ళాను. మంచోడే. పని చెప్తే సరేనన్నాడు. ఆయన చెయ్యి చూసి నేనే దణ్ణం పెట్టి వచ్చేశా. అది చెయ్యి కాదక్కా, పనసకాయ. ఎక్కడ దూరుద్ది?"

"ఎక్కడ దూరాలి?"

సత్తిబాబు గ్లాసులో మిగిలిన టీ వంక చూశాడు. "నాలుగో కాలి కాడ."

రావమ్మకి అడగాల్సిన పని లేదు. ఆ నాలుగో కాలి పక్కన ఎంత సందు ఉందో, అందులో చెయ్యి పెడితే మోచేతికి ఏ కర్ర గీసుకుంటుందో, సత్తిబాబు బోటు కట్టిన వడ్రంగికన్నా ఆమెకే బాగా తెలుసు.

బోటు ఇంజిను నాలుగు కాళ్ళ మీద కూర్చుంటుంది. ముందు రెండూ కళ్ళెదుటే ఉంటాయి. వెనక కుడికాలు పడుకుంటే అందుతుంది. వెనక ఎడమకాలు మాత్రం గేరుబాక్సుకీ బోటు పక్కటెముకలకీ నడుమ, జానెడు చోటులో, చీకట్లో ఉంటుంది. ఆ కాలిని ఇంజినుకి పట్టి ఉంచే బోల్టు అడ్డంగా లోపలికి దిగాలి. బోల్టు దిగే బెజ్జంలో మర, అంటే చుట్లుచుట్లుగా ఉండే గాడి, అరిగిపోతే మళ్ళీ మర కొయ్యాలి. మర కోసే ట్యాపుకి మామూలుగా రెండు చేతులతో తిప్పే అడ్డపిడి ఉంటుంది. అక్కడ ఆ పిడి పావు చుట్టు కూడా తిరగదు. ఇంజిను పైకి లేపితే పని సులువే. కానీ లేపాలంటే డెక్కు కొయ్యాలి. అది కోసి, మళ్ళీ మూసేసరికి సగం సీజను పోతుంది. వేసవి వేట నిషేధం ఎత్తేశారు, రేవులో బోట్లన్నీ వెళ్ళిపోయాయి. సత్తిబాబు బోటు ఒక్కటే తాడు కట్టించుకుని నిలబడి ఉంది.

"మీ మెకానిక్ ధనుంజయ్ ఉన్నాడుగా," అంది రావమ్మ. "మీకు వాడి చెయ్యి నచ్చిందిగా."

సత్తిబాబు తల తుడుచుకున్నాడు. "దెప్పు అక్కా. నీకు ఆ హక్కుంది."

రావమ్మ పుట్టింది చిలకలపూడిలో. అక్కడ తయారైన రోల్డుగోల్డు దిద్దులు దేశంలో ఎక్కడెక్కడి చెవులకో వెళ్తాయి. వాటి వెనక శీలకి మర ఎవరు కోశారని అడిగిన చెవి ఒక్కటీ లేదు. తండ్రి సముద్రం మీద ఉన్నప్పుడు తల్లి ఇంటికి తెచ్చుకునే పని అదే. చిన్న ఉక్కు పలకలో ఆవగింజంత బెజ్జం, అందులో తీగముక్క, ముందుకి కాస్త తిప్పి వెనక్కి అందులో సగం తిప్పడం. తిప్పడం ఎవరైనా తిప్పుతారు. తీగ తెగబోయే ముందు వేలికొసకి ఒక చిన్న జివ్వుమనే కబురు వస్తుంది. అది వినబడ్డవాళ్ళకే ఆ పని వచ్చినట్టు. పెళ్ళీడు వచ్చేసరికి రావమ్మ వేళ్ళు ఆ కబురుని నిద్రలో కూడా వినేవి.

గిలకలదిండిలో బోటు ఇంజిన్లు బాగుచేసే భూషణానికిచ్చి చేశారు. మంచి మనిషి, పెద్ద గొంతు, పెద్ద చేతులు. ఆ చేతులే అతనికి శత్రువులు. ఒకరోజు మెటికలు చెక్కుకుపోయి రక్తం కారుతుంటే ఇంటికొచ్చి, విరిగిన ట్యాపు ముక్కని గుమ్మంలో విసిరికొట్టాడు. ట్యాపు చూడటానికి ఉక్కు, విరగడంలో గాజు. బెజ్జంలోనే విరిగితే దాన్ని డ్రిల్లు కూడా కొరకలేదు. రావమ్మ ఆ ముక్క తీసి వేళ్ళ మధ్య తిప్పి చూసి, "ఇది దిద్దు శీలేగా, కాస్త ఒళ్ళు చేసింది," అంది. భూషణం నవ్వాడు. నవ్విన మర్నాడే ఆమెని బోటులోకి దించాడు.

దించడం అంటే అంత తేలిక కాదు. ఆ రేవులో సముద్రాన్ని గంగమ్మ తల్లి అంటారు. బోట్లకి అమ్మల పేర్లూ, అమ్మోర్ల పేర్లూ పెడతారు. సత్తిబాబు బోటు పేరు అతని కన్నతల్లి పేరే, సత్యవతమ్మ. కానీ ఆ తల్లి బతికుండగా ఒక్కసారి కూడా ఆ బోటు మీద కాలు పెట్టలేదు. ఆడమనిషి ఎక్కిన బోటుకి వేట పడదని నమ్మకం. నమ్మకాలు ఎక్కడ పుడతాయో ఎవరు చెప్పగలరు? ఒకప్పుడు ఈ బందరు రేవుకి ఎన్ని దేశాల ఓడలు వచ్చాయో, వాళ్ళలోనూ ఇలాంటి భయాలే ఉండేవట. నీళ్ళ మీద బతికేవాడికి చేతిలో ఏమీ ఉండదు కాబట్టి, ఎవర్ని ఎక్కనివ్వకూడదో అదొక్కటైనా తన చేతిలో ఉంచుకుంటాడు కాబోలు. ఆ రేవులో చేపలు వేలం పాడేదీ, గంపలెత్తేదీ, అప్పులవాళ్ళకి జవాబు చెప్పేదీ ఆడవాళ్ళే. అయినా బోటెక్కే పలక దగ్గరే ఆగాలి.

అందుకని భూషణం ఒక ఉపాయం కనిపెట్టాడు. బోటు ఒడ్డున బురదలోకి లాగి ఉన్నప్పుడు, రేవంతా భోజనాలకి లేచే వేళ, రావమ్మ క్యారేజీతో వచ్చేది. బురదవైపు నుంచి ఎక్కి లోపలికి దిగేది. భూషణం ఇంజిను గది మూతి దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎవరికీ లోపల కనబడకుండా అన్నం తినేవాడు. ఆమె మర కోసినంతసేపూ తినేవాడు. రేవులో అతనికి నిదానం భూషణం అని పేరొచ్చింది. "బావ ముద్ద నోట్లో పెట్టుకునేలోపు మేం కాకినాడ వెళ్ళొస్తాం" అని ఆటపట్టించేవారు. అతనూ నవ్వేవాడు. సాయంత్రానికి నాలుగో కాలు బిగిసేది. భూషణం చేతి గొప్పదనం గురించి కృత్తివెన్ను దాకా చెప్పుకునేవారు. ఇంటికొచ్చాక ఆ మాటలన్నీ అతనే ఆమెకి చెప్పేవాడు, సంతోషంగా. చెప్తే ఆమెకీ సంతోషంగా ఉంటుందనుకునేవాడు.

ఆ పనికని రావమ్మ ఒక పరికరం చేసుకుంది. అరిగిపోయిన ప్రొపెల్లర్ షాఫ్టు చివర కోయించిన ఉక్కుబిళ్ళ. గారె అంత వెడల్పు, రెండు వేళ్ళ మందం; ఆమె దాన్ని గారె అనే పిలిచేది. నడుమ నాలుగు పలకల బెజ్జం, ట్యాపు తోక అందులో కదలకుండా కూర్చోవాలి. అంచు చుట్టూ వరసగా చిన్న బెజ్జాలు. ఒక బెజ్జంలో మేకు దూర్చి నెట్టగలిగినంత నెట్టడం, చోటు అయిపోగానే మేకు తీసి పక్క బెజ్జంలో దూర్చడం. పాత ఓడల మీద లంగరు తాడు చుట్టే గుంజకి ఇలాగే మనుషులు కర్రలు దూర్చి నెడుతూ తిరిగేవారు. ఆ సంగతి రావమ్మకి తెలియదు. తన చెయ్యి ఎంత తిరగగలదో చూసుకుని, దానికి తగ్గట్టు చేసుకుంది, అంతే. నడిమి బెజ్జం ఆకురాయితో ఆమే రాసింది. మూలలు సరిగ్గా వచ్చేదాకా పొయ్యి మీద కూర మాడినా లేవలేదు.

భూషణం పోయాడు. కామెర్లు ముదిరి, ఆస్పత్రిలో. అతను పోయి ఏడాది తిరక్కముందే సత్తిబాబు బోటు నాలుగో కాలు వదులైంది. అప్పుడూ ఇలాగే పరిగెత్తుకొచ్చాడు. "బావ పని నువ్వు చూశావుగా అక్కా," అన్నాడు. ఎంత చూసిందో అతనికి అనుమానం ఉండే ఉంటుంది. మూతి దగ్గర కాపలా కూర్చుని అన్నం తినే మనిషి ఇక లేడు. రావమ్మ పట్టపగలు ఎక్కింది, దిగింది. అంగుళానికి ఎనిమిది సూతులైతే, అయిదు సూతుల వెడల్పు మర, బోల్టుకి చాలినంత లోతు కోసింది. బోల్టు దిగింది.

ఆ సీజనులో సత్తిబాబు వల సముద్రం అడుగున ఏదో శిథిలానికి తగులుకుని చిరిగింది. బోటులో పనిచేసే ఒక కలాసీ వేలు తాడులో నలిగింది. సముద్రంలో ఇవి ఏటా ఎవరికో ఒకరికి జరుగుతూనే ఉంటాయి. కానీ బోటు నడిపే సరంగు అయ్యప్పకి మాత్రం బోటు ఎవరు ఎక్కారో గుర్తొచ్చింది. పసుపు నీళ్ళు కొట్టారు, కొబ్బరికాయ కొట్టారు. అయ్యప్ప ఒప్పుకోలేదు. "డెక్కు కడిగారు సరే. ఆవిడ చెయ్యి మరలో ఉంది. మరని ఎట్టా కడుగుతారు?" అన్నాడు.

ఆ ప్రశ్నకి సత్తిబాబు జవాబు వెతికిన తీరే వింత. మర కడగలేం గానీ కోసెయ్యచ్చు కదా అన్నాడు. భూషణం దగ్గర పని నేర్చుకున్న ధనుంజయ్‌ని పిలిచి, రావమ్మ కోసిన అయిదు సూతుల మరని డ్రిల్లుతో చెక్కేసి, దాని మీద ఆరు సూతుల మర కొయ్యమన్నాడు. ఆడమనిషి చెయ్యి పడిన మేర ఇనుము బయటికి పోతే మైల పోతుందని లెక్క. చక్కగా ఉన్న మరని, అది చక్కగా ఉందని తెలిసే, తీయించేశారు. ఆ సంగతి విని రావమ్మ రేవుకి వెళ్ళింది. సంచి భుజాన వేసుకుని పలక ఇవతల నిలబడి, "సత్తిబాబూ," అని పిలిచింది. అతను డెక్కు మీద ఉన్నాడు. విన్నాడు. అటు తిరిగాడు.

ఆ తర్వాత ఆమె గుడివాడ చేరింది. చేపల చెరువుల్లో, రొయ్యల చెరువుల్లో గాలి కొట్టే ఏరేటర్ల గేరుబాక్సులు బాగుచేస్తుంది. కృత్తివెన్ను నుంచి నాగాయలంక దాకా ఆమెని మెకానిక్ అమ్మ అంటారు, కుర్చీ వేస్తారు. చెరువుకి ఆడా మగా లేదు. కానీ గట్టు మీద కావలసినంత చోటు. అక్కడ అడ్డపిడి బార్లా తిరుగుతుంది. గుడివాడ షాపులో టక్కుటక్కుమని ఒకవైపే తిరిగే రాచెట్ పిడి కూడా కొనుక్కుంది. మంచిదే. ట్యాపు విరగబోతోందని మాత్రం చేతికి చెప్పదు, తన చప్పుడులో తానుంటుంది. గారె సంచి అడుగున పడి ఉంటోంది. చీకట్లో వేలికొసతో చూసే పని ఆమె దగ్గర మిగిలిపోయింది, దాన్ని అడిగేవాడు లేడు.

ఇప్పుడు అడుగుతున్నాడు, అదే మనిషి.

"ధనుంజయ్ మర వంకరగా పోయిందక్కా," అన్నాడు సత్తిబాబు. "ఇన్నాళ్ళు ఎట్టాగో ఆగింది. నిషేధం ఎత్తేశాక మొదటి రోజే బోల్టు విరిగింది. స్టార్ట్ చేస్తే ఇంజిను కోడిపుంజులాగా గెంతుతోంది."

"ఆరు సూతులు కోశారు. ఇక ఏడు కోస్తే బెజ్జం గోడ పగులుద్ది."

"అదే ఉయ్యూరాయనా అన్నాడు."

"మరి నన్నెందుకు పిలుస్తున్నావు?"

"నువ్వైతే ఏదో ఒకటి చేస్తావని."

రావమ్మ అవనిగడ్డ బస్సు వచ్చి, మనుషుల్ని ఎక్కించుకుని వెళ్ళిపోయేదాకా దాని వంకే చూసింది. తర్వాత అంది: "పలక మీద నుంచి ఎక్కుతాను. బురదవైపు నుంచి కాదు. అందరూ చూస్తుండగా. పని అయ్యాక మర ఎవరు కోశారో నువ్వు నోరు తెరిచి చెప్పాలి. మీ సరంగుకీ, కలాసీలకీ, వినేవాళ్ళందరికీ. చెప్తావా?"

"నాకు ఆ పట్టింపులు లేవక్కా. కలాసీలే..."

"చెప్తావా లేదా?"

"చెప్తా."

"మీ అమ్మ మీద ఒట్టు పెట్టమనను. పాపం ఆవిడ్నీ ఎక్కనివ్వలేదు."

సత్తిబాబు నవ్వబోయి మానేశాడు. "చెప్తానక్కా. మాటంటే మాటే."

తాను పనికి బయల్దేరిన నాగాయలంక చెరువు వాళ్ళకి ఫోను చేసి సాయంత్రం వస్తానని చెప్పింది. సత్తిబాబు కారులో ముందు సీటు తలుపు తీశాడు. ఆమె వెనక కూర్చుంది. బందరు దాకా అతను మాట్లాడుతూనే ఉన్నాడు: కొత్త పోర్టు పనుల లారీల గురించి, డీజిలు గురించి, ఐసు గురించి. ఆమె సంచిలో చెయ్యి పెట్టి గారె అంచు బెజ్జాల్ని ఒక్కొక్కటే తడుముకుంటూ కూర్చుంది. భయంగా ఉంది. పని గురించి కాదు.

గిలకలదిండిలో రేవు దాదాపు ఖాళీగా ఉంది. సత్యవతమ్మ ఒక్కటే గట్టుకి కట్టి ఉంది. గట్టు మీద వలలు అల్లేవాళ్ళు, ఐసు తోసేవాళ్ళు, గంపలు బోర్లించుకుని కూర్చున్న ఆడవాళ్ళు. కారు దిగిన రావమ్మని చూసి గంపల దగ్గరున్న సుబ్బమ్మ కేకేసింది.

"ఏమేవ్ రావమ్మా! మగాళ్ళు చాల్లేదంటనా, నీకు కబురెట్టారు?"

"చేతులు పెరిగాయంట పిన్నీ," అంది రావమ్మ.

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మగవాళ్ళు నవ్వలేదు. అయ్యప్ప డెక్కు మీద గొంతుకూర్చుని బీడీ కాలుస్తున్నాడు. పలక మీద కాలు పెట్టిన రావమ్మని చూసి లేచి నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. సత్తిబాబు వెనకాల నుంచి చెయ్యి ఊపాడు, కాస్త ఆగమన్నట్టు. ఆ చెయ్యి ఊపడం రావమ్మ చూడలేదు. ఆమె కళ్ళు పలక మీదే ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఈ బోటెక్కిందో, బురద అంటని పాదాలతో ఎక్కడం మాత్రం ఇది రెండోసారి.

ధనుంజయ్ ఇంజిను గదిలో లైటు పట్టుకుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, తప్పు చేసిన పిల్లాడిలా మూలకి జరిగాడు. "వద్దన్నాను అత్తా. మంచి మర చెక్కనని అన్నాను. వినలేదు," అన్నాడు.

"లైటు సరిగ్గా పట్టు," అంది రావమ్మ.

పక్కకి పడుకుని చెయ్యి లోపలికి పోనిచ్చింది. ఆ కర్ర ఇంకా మోచేతి దగ్గరే గీసుకుంది. విరిగిన బోల్టు ముక్క వంకర మరలో వదులుగా వేలాడుతోంది, వేళ్ళతో తిప్పితేనే వచ్చేసింది. వెనకాల బెజ్జంలోకి చిటికెనవేలు పెట్టింది. ఆరు సూతుల వెడల్పు. ధనుంజయ్ మర ఒకవైపు లోతుగా, ఒకవైపు పైపైన. వేలు సగం వెళ్ళాక ఒక మెట్టు తగిలింది. అక్కడ బెజ్జం ఇరుకైంది. ఒక క్షణం అర్థం కాలేదు. వంచిన తీగ కొక్కెం తీసుకుని మెట్టు అవతలికి పోనిచ్చి మెల్లగా ఇవతలికి గీసింది. కొక్కెం చిన్న చిన్న గట్ల మీద తడబడుతూ వచ్చింది. సమంగా, ఒకదాని వెనక ఒకటి.

ధనుంజయ్ డ్రిల్లు అడుగుదాకా వెళ్ళలేదు. వెళ్ళడానికి చోటు లేదు. పైన సగమే చెక్కాడు. అడుగున రావమ్మ మర అలాగే ఉంది. మైల తీశామనుకుని, కొబ్బరికాయ కొట్టుకుని, దాన్ని కడుపులో పెట్టుకునే ఇన్నాళ్ళూ సముద్రం మీద తిరిగారు.

ఆమెకి నవ్వొచ్చింది. చీకట్లో, చెంప గేరుబాక్సుకి ఆనించి, చప్పుడు కాకుండా నవ్వుకుంది. పాడైన సగాన్ని ముట్టుకోనక్కర్లేదు. అడుగు మరని ఇంకాస్త లోపలికి పొడిగించి, పొడుగాటి అయిదు సూతుల బోల్టు దించి, పైన ఖాళీకి ఒక గొట్టంముక్క తొడిగితే చాలు.

మర కోసే ట్యాపులు మూడు ఒక సెట్టు. మొదటిది మొన సన్నంగా ఉండి దారి చేస్తుంది. రెండోది ఆ దారిని లోతు చేస్తుంది. మూడోది మొండి మొనతో అడుగుదాకా వెళ్తుంది. విరిగేది ఎక్కువగా మూడోదే, ఎందుకంటే అడుగు తగిలిందన్న సంగతి తిప్పేవాడికి ఆలస్యంగా తెలుస్తుంది. ముందు ఉన్న మరని రెండోదానితో శుభ్రం చేసింది. బెజ్జం అడుగున ఇంకా మర కొయ్యని చోటు మిగిలి ఉంది; అందుకని మూడోదాని తోకకి గారె తొడిగింది. ట్యాపుకి గ్రీజు పూసింది, పోత ఇనుము పొడి దానికి అంటుకుని బయటికి రావడానికి. మేకు దూర్చి నెట్టింది. తీసింది, పక్క బెజ్జంలో దూర్చింది. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. చెమట కంట్లోకి కారింది. కళ్ళు మూసుకుంది. ఆ పనికి కళ్ళతో అవసరం లేదు. బయట సుబ్బమ్మ ఎవరినో తిడుతోంది, ఐసు గడ్డలు పగులుతున్నాయి, పైన డెక్కు మీద అడుగులు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఇదంతా ఎక్కడో దూరంగా జరుగుతున్నట్టుంది. చెరువు గట్ల మీద తిరిగిన ఇన్నాళ్ళూ తనకి ఏం లేకుండా పోయిందో అప్పుడు తెలిసింది.

ఒకచోట వేలికొసకి ఆ జివ్వుమనే కబురు వచ్చింది. ఆగింది. వెనక్కి తిప్పింది, బయటికి తీసింది, పొడి తుడిచింది, మళ్ళీ పోనిచ్చింది. ఈసారి కబురు రాలేదు. అడుగు తగిలింది.

పొడుగు బోల్టు కోసం ధనుంజయ్ షెడ్డుకి పరిగెత్తాడు. తెచ్చాక దానికి గొట్టంముక్క తొడిగి, ముందు చాలాదూరం పానా తగలనివ్వకుండా వేళ్ళతోనే దించింది. చివర మాత్రం పానా పెట్టి, ఒళ్ళంతా బిగబట్టి బిగించింది. "స్టార్ట్ చెయ్యమను," అంది. ఇంజిను దగ్గింది, పొగ కక్కింది, తిరిగింది. నాలుగో కాలు మీద అరచెయ్యి పెట్టి చూసింది. కాలు నిలబడింది.

ఆమె పైకి వచ్చేసరికి గట్టు మీద జనం పెరిగారు. ఇంజిను చప్పుడు విని అందరూ చేరారు. చేతులకి మోచేతుల దాకా నల్లటి పొడి. గారె ఆమె చేతిలోనే ఉంది. అయ్యప్ప బీడీ పారేసి సత్తిబాబు వంక చూశాడు.

"బాబూ, ఒక మాట చెప్పు. మర ఎవరు పట్టారు? ఆవిడ పట్టిందంటే ఈ బోటు నేను తియ్యను. కలాసీలూ ఎక్కరు. అబద్ధం చెప్పి మమ్మల్ని తీసుకెళ్ళమాక."

సత్తిబాబు రావమ్మని చూశాడు. అయ్యప్పని చూశాడు. మెడ తుడుచుకున్నాడు. రావమ్మ ఎదురుచూస్తూ నిలబడింది. ఆమెకి ఆ క్షణంలో బోటు ఆగిపోయినా పర్వాలేదనిపించింది, ఆ ఒక్క మాట కోసం.

"భూషణం బావ," అన్నాడు సత్తిబాబు.

గట్టు మీద తలలు అతనివైపు తిరిగాయి. అతనికి గొంతు కుదుటపడింది.

"బావ చేసి పెట్టిపోయిన చక్రం రా అది. చూడండి, ఆవిడ చేతిలో ఉన్నదే. మనిషి పోయినా చక్రం పోలేదు. అక్క దాన్ని దాచి, ఇవాళ పట్టుకొచ్చింది. అంతే. మర పట్టింది మాత్రం మా బావే. భూషణం చక్రం!"

గట్టు మీద ఎవరో నాలుకతో చప్పరించారు. వల అల్లే ముసలాయన చేతులు జోడించాడు. "నిదానం భూషణమే! పోయినాక కూడా పని మానలేదయ్యా," అన్నాడు ఇంకొకడు. ఆ మాటకి నవ్వొచ్చింది అందరికీ, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. అయ్యప్ప భుజాలు దిగాయి. చెప్పులు విప్పాడు. వచ్చి రావమ్మ చేతిలోంచి గారెని రెండు చేతులతో తీసుకున్నాడు, కళ్ళకద్దుకున్నాడు. ఎవరో పళ్ళెం తెచ్చి గారెని అందులో ఉంచారు. బొట్టు పెట్టారు.

రావమ్మ నోరు తెరిచింది. కాదు అనాలి. కానీ ఏది కాదనాలి? తాను చేశానంటే, పోయిన మొగుడి పేరుని రేవు మధ్యలో నిలబడి లాక్కున్నట్టు అవుతుంది. పళ్ళెం చుట్టూ ఉన్న ఆ మొహాల్ని చూసింది. వాళ్ళందరూ భూషణాన్ని నిజంగానే ఇష్టపడ్డారు. అతనే ఇప్పుడు ఇక్కడ ఉంటే ఏమనేవాడు? కాదనేవాడా? ఎంత వెతికినా అతను కాదన్న ఒక్కరోజు గుర్తురాలేదు. రేవంతా పొగుడుతుంటే విని, నవ్వి, ఇంటికొచ్చి తనకే చెప్పిన రోజులే గుర్తొచ్చాయి. తెరిచిన నోరు మూసుకుంది.

"అక్కా," సత్తిబాబు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఏమనుకోకు. బోటు కదలాలిగా. నాకు తెలుసు, నీకు తెలుసు. చాలదా?"

ఆమె పళ్ళెంలోని ఉక్కుబిళ్ళ వంక చూసింది.

"చక్రం సంగతి సరే బాబూ," అన్నాడు అయ్యప్ప వెనక నుంచి, ఇప్పుడు తేలికపడ్డ గొంతుతో. "ఆవిడ నడిచిన మేర కాసిని పసుపు నీళ్ళు కొట్టించు. మన జాగ్రత్త మనది."

"కొట్టండ్రా, కొట్టండి," అన్నాడు సత్తిబాబు.

ఒక కలాసీ బకెట్టు ముంచాడు. రావమ్మ ఇంకా డెక్కు మీదే ఉంది. మొదటి చెంబు నీళ్ళు ఇంజిను గది మూతి దగ్గర పడ్డాయి. రెండోది పారుకుంటూ వచ్చి ఆమె పాదాల్ని తడిపింది.

ఆమె పళ్ళెం దగ్గరికి వెళ్ళింది. అగరొత్తి పక్కకి జరిపి ఉక్కుబిళ్ళని తీసింది. ఎవరో "అమ్మా, అమ్మా, హారతి..." అన్నారు. కొంగుతో కుంకుమ గట్టిగా తుడిచింది, బెజ్జాల్లోకి పోయినది మేకుతో గీకి దులిపింది. సంచిలో వేసుకుంది.

"అది బోటులో ఉంచవా అక్కా? పటం పక్కన పెట్టుకుంటాం," అన్నాడు సత్తిబాబు. "పోనీలే, ఉంచుకో. ఉండు, కారు తీస్తా. నాగాయలంక దాకా దింపుతా. అన్నం తిని వెళ్దువుగాని. అక్కా!"

పలక దిగింది. సుబ్బమ్మ అడ్డం వచ్చింది. "చెప్పవేంటే? నోరు లేదా నీకు?" రావమ్మ ఆమె భుజం పక్కనుంచి తప్పుకుని నడిచింది. ఐసు తడికి జారుతున్న గట్టు దాటి, ఆరబెట్టిన వలల మీదుగా అడ్డం పడి, బందరు రోడ్డు వైపు తిరిగింది. సత్తిబాబు పిలుస్తూనే ఉన్నాడు. ఆమె ఆటోల వైపు కూడా చూడలేదు, సంచి భుజం మార్చుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయింది.